మన బొంతలు – మన చరిత్ర

పద్మశాలీల చరిత్ర అనగానే మార్కండేయ మహాముని దగ్గర మొదలుపెడతాం. భావనాఋషి తామరనారతో బట్ట నేసిన కథ చెప్తాం. అక్కడినుంచి మగ్గం దాకా వచ్చి ఆగిపోతాం. మగ్గం దిగిన బట్ట కట్టి, ఉతికి, చిరిగినంక ఏమైందని అడిగేవాళ్లు తక్కువ. అది బొంత అయింది. కుట్టింది మన ఆడవాళ్లు.

బొంత చాలా పాతది. సంస్కృతంలో కంథ అంటే ఇదే. బెంగాల్‌లో కాంథా, మన షోలాపూర్ మరాఠీ ఇరుగుపొరుగులో గోధడి, ఉత్తర కర్ణాటకలో కౌది. ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ ఆడవాళ్లు కుట్టే కౌదులను ఇప్పుడు కళాఖండాలుగా చూస్తున్నారు. మనమేమో ‘అతుకుల బొంత’ అని చిన్నచూపు చూస్తాం, ‘గంతకు తగ్గ బొంత’ అని నవ్వుతాం.

1876–78 నాటి పెద్ద కరువు దక్కన్‌ను కుదిపేసింది. 1877లో షోలాపూర్‌లో బట్టల మిల్లు నడవడం మొదలైంది. మన పెద్దలు దాన్ని ‘జునీ మిల్లు’ అనేవాళ్లు. నిజాం రాజ్యంలోని తెలంగాణ పల్లెల్లో బతుకుదెరువు లేక, ఇక్కడ పని ఉందని విని, తరాల పొడుగునా మనవాళ్లు వస్తూనే ఉన్నారు. కొందరు మిల్లులో చేరారు, కొందరు ఇంట్లో చేమగ్గం వేసుకున్నారు. తర్వాత మరమగ్గాలు వచ్చాయి. షోలాపూర్ చద్దర్ దేశమంతా పేరు తెచ్చుకుంది, భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. అయితే చద్దర్ అమ్మే సరుకు. నేసినవాడి ఇంట్లో పిల్లలు కప్పుకున్నది బొంతే.

బొంతకు కొత్త బట్ట పనికిరాదు. ఎన్నో ఉతుకులు తిన్న నూలు చీరే మెత్తగా ఉంటుంది, పసిబిడ్డ ఒంటికి ఒరుసుకోదు. చీరలు, ధోవతులు పొరలుగా నేలమీద పరిచి, ముడతలు తీసి, ముందు పెద్ద కుట్లతో నిలబెట్టాలి. తర్వాత అంచునుంచి మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ నడుమకు రావాలి. పొరలు కదలకుండా పట్టేది ఆ సన్న కుట్టే. దారం కొనేది లేదు, మగ్గం దగ్గర మిగిలిన పోగులే పేని వాడేవాళ్లు.

మరి ఇన్ని బొంతలు సగంలో ఎందుకు ఆగాయి? జవాబు బీడీల చాటలో ఉంది. షోలాపూర్‌లో మన ఆడవాళ్లు తరతరాలుగా బీడీలు చుట్టారు. కూలి వెయ్యికి ఇంత అని లెక్క. సూది పట్టిన గంట బీడీ చుట్టని గంట. అంటే ఆ పూట కూలిలో కోత. అందుకే బొంత పండుగ సెలవు దొరికితేనే బయటికి వచ్చేది, మళ్లీ సందూకలోకి పోయేది.

మా అత్తమ్మ నా కొడుకు కడుపులో ఉన్నప్పుడు ఒక బొంత మొదలుపెట్టింది. “చేతిపని తెమలని బిడ్డా, కుడత” అనేది. పని తెమలలేదు. పిల్లాడు బడికి పోయాడు, కాలేజీకి పోయాడు. అత్తమ్మ చూపు తగ్గింది. వాడికి పుణెలో ఉద్యోగం వచ్చినప్పుడు ఆ బొంత తీసి ముందరేసుకున్నా. నేను కుడుతుంటే ఆమె పక్కన కూర్చుని ఒక్కొక్క ముక్క తడిమి చెప్పింది: ఇది మా అవ్వది, ఇది నా పెండ్లిది, ఈ ధోవతి మీ మామ మగ్గంమీద కూర్చున్నప్పుడు కట్టింది. ఆ మాటల్లోనే మా ఇంటి నాలుగు తరాల పేర్లు మొదటిసారి విన్నా. మాకు వేరే వంశవృక్షం కాగితం లేదు. ఆమె కుట్లు బియ్యపుగింజంత, నావి దానికి రెండింతలు. ఎవరివి ఏవో చూడగానే తెలుస్తుంది. వాడు పుణెలో దాన్నే కప్పుకుంటున్నాడు.

మన కుటుంబాలు షోలాపూర్, భివండి, ముంబై, ఇంకా ఎక్కడెక్కడో స్థిరపడ్డాయి. పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవడం రానివాళ్లు ఎక్కువ. వాళ్లకు పుస్తకం కన్నా బొంత దగ్గర. అందుకే పాఠకులకు ఒక విన్నపం. సందూకలో, అటకమీద సగం కుట్టిన బొంత ఉంటే బయటికి తీయండి. రెండు వైపులా ఫొటో తీయండి. ఏ ముక్క ఎవరిదో పెద్దవాళ్లను అడిగి, వాళ్ల గొంతుతోనే ఫోన్‌లో రికార్డు చేయండి. పాత కుట్లు విప్పకుండా మిగిలింది మీరు కుట్టండి. వచ్చే శ్రావణ పౌర్ణమికి, జంధ్యాలు మార్చుకుని మార్కండేయుని రథోత్సవానికి అందరం కలిసే రోజుకు, ఆ బొంత ఎవరికోసం మొదలైందో వాళ్ల చేతికి ఇవ్వండి.