పేరులోని పేరు

ఉత్తరముపై చిరునామా వ్రాయునప్పుడు మనము మొదట మనిషి పేరును, పిదప వీధిని, ఊరిని, జిల్లాను వ్రాయుదుము. చిన్నదానినుండి పెద్దదానికి సాగు ఈ వరుసయే నేడు ఇంటర్నెట్టులోని పేర్లకును ఆధారము. అయితే అది మొదటినుండియు ఉన్నది కాదు.

అమెరికాలో 1969లో ఆరంభమైన ఆర్పానెట్టునందు కంప్యూటర్లు కొలదిగానే యుండెను. వాని పేర్లన్నియు ఒక్క జాబితాలో ఇమిడెను. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రిసెర్చి ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ ఆధ్వర్యమున నడచిన సమాచారకేంద్రము ఆ జాబితాను నిర్వహించెడిది. క్రొత్త పేరు చేర్పవలెనన్నను, జాబితాకు ప్రతి కావలెనన్నను అచ్చటనే అడుగవలెను. కంప్యూటర్లు పెరిగినకొలది ఇది మోయరాని భారమయ్యెను. దేశమున పుట్టిన బిడ్డలకెల్ల ఒక్క కరణమే పేర్లు నమోదు చేయగలడా?

1983లో పాల్ మోకపెట్రిస్ క్రొత్త పద్ధతిని ప్రతిపాదించెను. దానిలో పేర్లన్నియు ఒక వృక్షమువలె అమరియుండును. ఒక డొమైను పొందినవారు దాని క్రింద మఱికొన్ని పేర్లను తామే పెట్టుకొనవచ్చును. అందుకు మరల కేంద్రమును అర్థింపనక్కరలేదు. ఈ లోపలి పేర్లే సబ్‌డొమైన్లు. ఒక విశ్వవిద్యాలయము తన గ్రంథాలయమునకొకటి, గణితశాఖకొకటి ఏర్పఱచి, వేర్వేరు వెబ్‌సైట్లు నడుపవచ్చును.

ఆ సైట్లన్నియు ఒకే సర్వరునందుండిన, వచ్చినవాడు కోరునది ఏదో తెలియుటెట్లు? తొలినాళ్లలో సాధారణముగా సైటునకొక సంఖ్యాచిరునామా కావలసివచ్చెడిది. 1997 జనవరిలో వెలువడిన హెచ్.టి.టి.పి. 1.1 నియమావళి, కోరిన సైటు పేరును ప్రతి అభ్యర్థనలోను తెలుపవలెనని విధించెను. ఇట్లు ఒకే యింట పలు కాపురములకు వీలు కలిగెను.

ఈ యేర్పాటు ఫలము మన భాషకును దక్కినది. 2001 జనవరిలో ఆంగ్లమున ఆరంభమైన వికీపీడియా, భాషకొక సబ్‌డొమైను చొప్పున విస్తరించెను. 2003 డిసెంబరులో ఆ పేరునకు ముందు టి, ఇ అను రెండక్షరములు చేరి తెలుగునకు వేరిల్లు ఏర్పడెను. అచ్చట తెలుగువారు తమ వ్యాసములను తామే వ్రాసికొనుచు, తమ కట్టుబాట్లను తామే చర్చించి నిర్ణయించుకొనుచున్నారు.

కాని కొమ్మ విరిగినచో దానిపై రెమ్మ నిలువదు. యుగోస్లావియా రాజ్యము అంతరించిన పిదప, దానికి చెందిన వై.యు. అను కొమ్మను 2010 మార్చి 30న తొలగించిరి. అంతలోపల సెర్బియా, మాంటెనెగ్రోల క్రొత్త కొమ్మలకో, మఱియొక చోటికో మారినవారి సైట్లు నిలిచినవి. మారనివారి చిరునామాలు పనిచేయుట మానినవి.

కావున ఒక పాఠశాలగాని, గ్రంథాలయముగాని తన వ్రాతలను ఇతరుల పేరు క్రింద ఉంచదలచినప్పుడు, ఆ తల్లిపేరు ఎవరి చేతిలో నున్నదో, ఎంతకాలము నిలుచునో ముందుగా విచారించుట మంచిదని మా అభిప్రాయము. వేరు కాపురము పెట్టినను, ఇంటి పట్టా ఎవరిదో తెలిసియుండవలెను గదా!