పులిరాజా ఎవరితో మాట్లాడాలి?

ఎయిడ్స్ అనగానే తెలుగువాళ్ళలో ఒక తరానికి ముందు గుర్తొచ్చేది పులిరాజా. 2003 ప్రాంతంలో ఎక్కడ చూసినా ఆ హోర్డింగులే. అంతకు కొద్ది నెలల ముందు ముంబయిలో బల్బీర్ పాషా పేరుతో నడిచిన ప్రచారానిదీ ఇదే బాణీ. పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా అని రాష్ట్రం మొత్తం అడిగింది, నవ్వుకుంది, జోకులేసుకుంది. సరే, వచ్చిందే అనుకుందాం. అప్పుడు పులిరాజా ఎవరితో మాట్లాడాలి? ఈ ప్రశ్న ఏ హోర్డింగు మీదా నాకు కనబడలేదు. ఈ టపా దాని గురించే.

జవాబు వెతకడానికి హైదరాబాదు కన్నా మా మందమర్రి మంచి చోటు. హెచ్ఐవీతో బతికేవాళ్ళ మనోవేదనలో పెద్ద భాగం "ఎవరికి తెలిసింది, ఇంకెవరికి తెలుస్తుంది" అన్న భయమే. ఆ భయానికి బొగ్గుబాయిల ఊళ్ళలో ఉన్నన్ని దారులు ఇంకెక్కడా ఉండవు.

ఎందుకో చెప్తాను. సింగరేణి కాలరీస్ 1920లో ఆ పేరుతో ఏర్పడిన కంపెనీ. 1990ల మొదట్లో లక్షమందికి పైగా పనిచేసేవాళ్ళు. క్వార్టరు కంపెనీది, నీళ్ళు కంపెనీవి, కరెంటు కంపెనీది, ఆసుపత్రి కూడా కంపెనీదే. మందమర్రి కార్మికుడికి జబ్బు పెద్దదైతే రామకృష్ణాపూర్ ఏరియా ఆసుపత్రి, ఇంకా పెద్దదైతే కొత్తగూడెం మెయిన్ ఆసుపత్రి. అంటే డాక్టరూ, జీతమిచ్చే యజమానీ ఒకే గూటివాళ్ళు. 1955 నాటి మైన్స్ రూల్స్ ప్రకారం బాయి పని చేసేవాళ్ళకి కొన్నేళ్ళకోసారి వైద్యపరీక్ష తప్పనిసరి. ఆ పరీక్ష పేరు చెబితేనే గుర్తొచ్చే మాట "అన్‌ఫిట్". తండ్రి అన్‌ఫిట్ అయితే కొడుక్కి ఉద్యోగం వచ్చే పద్ధతి కొన్నాళ్ళు నడిచింది, కొన్నాళ్ళు ఆగింది, మళ్ళీ కారుణ్య నియామకాల పేరుతో వచ్చింది. కాబట్టి ఒంట్లో ఏముందన్నది ఒక్కడి సంగతి కాదు, ఇంటిల్లిపాది బతుకుదెరువు సంగతి. ఇక పక్క క్వార్టరులో ఉండేది అదే షిఫ్టులో దిగే మనిషి. వరసగా నాలుగు నాగాలు పడితే ఎందుకని అడగనివాడు ఉండడు.

మన దేశంలో హెచ్ఐవీ మొదట బయటపడింది 1986లో, మద్రాసులో. నాకో 1992లో వచ్చింది. సింగరేణి పేరు ఈ చరిత్రలోకి ఎక్కింది మాత్రం ఒక కోర్టు తీర్పుతో. కంపెనీ ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకున్న ఒక కార్మికుడి భార్యకి ఎక్కించిన రక్తం ద్వారా హెచ్ఐవీ వచ్చింది. ఆ రక్తానికి హెచ్ఐవీ పరీక్ష చెయ్యలేదు. చెయ్యాలన్న నిబంధన దేశంలో 1989 నించే ఉంది! ఆమె రాసిన ఉత్తరాన్నే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రజాప్రయోజన వ్యాజ్యంగా తీసుకుని, 2001లో తీర్పిచ్చింది. నిర్లక్ష్యం జరిగిందని తేల్చింది.

అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. ప్రజారోగ్యం కోసం ఒక మనిషి గోప్యత హక్కు వెనక్కి తగ్గాల్సి రావచ్చని. 1998లో సుప్రీంకోర్టుదీ దాదాపు ఇదే ధోరణి. పెళ్ళి కుదిరిన ఒక డాక్టరు హెచ్ఐవీ సంగతిని ఆసుపత్రి బయటపెట్టిన కేసులో, ఆసుపత్రిది తప్పు కాదంది. అప్పటి భయాలు అలాంటివి, కోర్టులని తిట్టిపోయనక్కర్లేదు. కానీ ఆ కాలంలో నోరు విప్పాలనుకున్న మనిషి వైపు నించి చూడండి. చట్టం కూడా "నీ రహస్యం నీది" అని గట్టిగా చెప్పలేదు.

ఇప్పుడు కాసేపు న్యూయార్క్ వెళ్ళొద్దాం. 1982లో, వైరస్‌ని ఇంకా కనిపెట్టకముందే, రోడ్జర్ మెక్‌ఫార్లేన్ అనే ఆయన తన ఇంటి ఫోన్‌నే ఎయిడ్స్ హెల్ప్‌లైన్‌గా మార్చాడు. మొదటి రాత్రే వందకి పైగా కాల్స్ వచ్చాయంటారు. అంటే అక్కడ మందు కన్నా, పరీక్ష కన్నా, వైరస్ పేరు కన్నా ముందే మాట్లాడే చోటు వచ్చింది. ఆ చోటు టెలిఫోన్.

మనకి ఇది తిరగబడింది. 1990ల మందమర్రిలో ఫోనంటే ఎస్టీడీ బూత్. లోపల అద్దాల గది, బయట క్యూ, బిల్లు ఇచ్చేవాడు తెలిసినవాడే. అక్కడ నిలబడి నాకీ జబ్బుందని ఎవరు చెప్పుకుంటారు?

ప్రభుత్వం ఏమీ చెయ్యలేదనడం అన్యాయం. 1990ల చివరి నించి పరీక్షా కేంద్రాల్లో కౌన్సెలర్లని పెట్టారు. అవే 2006 ప్రాంతంలో ఐసీటీసీలయ్యాయి. 2004 ఏప్రిల్ 1న ఉచితంగా ఏఆర్‌టీ మందులు ఇవ్వడం మొదలైంది, దేశం మొత్తమ్మీద ఎనిమిది కేంద్రాల్లో. తరవాత అవి జిల్లాలకి పాకాయి. చావు భయాన్ని నిజంగా తగ్గించింది ఆ మాత్రలే. కానీ కౌన్సెలర్ గదికి ఒక బోర్డుంటుంది, గది బయట ఒక బల్ల ఉంటుంది. ఆ బల్ల మీద కూర్చోవడమే చాటింపు వేసినట్టు. బాధ చెప్పుకోవాలంటే ముందు బయటపడాలి, బయటపడతామనేదే బాధ. ఈ ముడిని గదులు విప్పలేకపోయాయి.

కొంత విప్పింది బాధితులే. 1997లో చెన్నైలో హెచ్ఐవీ ఉన్నవాళ్ళు తమకి తాము ఐఎన్‌పీ ప్లస్ అనే సంఘం పెట్టుకున్నారు. మరుసటేడు కౌసల్యా పెరియసామి వంటి మహిళలు కలిసి పాజిటివ్ ఉమెన్ నెట్‌వర్క్ పెట్టారు. "నాకూ ఉంది, నేనూ బతికే ఉన్నా" అని ఎదురుగా ఒక మనిషి అంటే కలిగే ధైర్యం ఏ కరపత్రమూ ఇవ్వదు. అయితే ఆ మనిషిని కలవడానికైనా ఊరు దాటి వెళ్ళాలి, ఎందుకు వెళ్తున్నావంటే ఇంట్లో ఏదో ఒకటి చెప్పాలి.

అసలు మార్పు చేతిలోకి మొబైల్ వచ్చాక. మొదటిసారి కార్మికుడికి తలుపేసుకుని మాట్లాడుకునే వీలు దొరికింది. 1097 నంబరు 2014లో దేశమంతటికీ ఒకే ఉచిత హెల్ప్‌లైన్ అయింది. 2020 లాక్‌డౌన్‌లో ఏఆర్‌టీ మందులు ఒకేసారి మూణ్ణెల్లకి ఇచ్చారు. అలాంటప్పుడు ఫోనే దిక్కు. 2022 అక్టోబరు 10న టెలీ మానస్ మొదలైంది, నంబరు 14416. ఇది హెచ్ఐవీకే ప్రత్యేకం కాదు. అదే దాని బలం అంటాను నేను, ఎందుకంటే ఫోన్‌లో ఆ నంబరు ఎవరైనా చూసినా ఏ జబ్బో తెలీదు.

ఇక్కడితో కథ సుఖాంతం అనుకుంటే పొరపాటే. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ చేతుల్లో పడ్డాక ఈ రహస్యానికి కొత్త చిల్లులు పడ్డాయి. 2015లో లండన్‌లోని 56 డీన్ స్ట్రీట్ క్లినిక్ హెచ్ఐవీ సేవల న్యూస్‌లెటర్ పంపుతూ, కనబడకుండా పెట్టాల్సిన అడ్రసులని అందరికీ కనబడే గడిలో పెట్టింది. 781 మంది ఈమెయిల్స్ ఒకరివి ఒకరికి తెలిసిపోయాయి, వాటిలో చాలావాటికి పూర్తి పేర్లున్నాయి. మరుసటేడు 1,80,000 పౌండ్ల జరిమానా పడింది. 2019లో సింగపూర్‌లో 14,200 మంది హెచ్ఐవీ వివరాలు ఇంటర్నెట్‌లోకి ఎక్కాయి. ఎస్టీడీ బూత్ దగ్గర వినేది పదిమంది. ఇక్కడ వినేది లోకం.

మన దగ్గర చట్టం ఈలోగా మారింది. 2017లో చేసి, 2018 సెప్టెంబరు 10న అమల్లోకి తెచ్చిన హెచ్ఐవీ చట్టం ప్రకారం ఒప్పుకోలు లేకుండా పరీక్ష చెయ్యకూడదు. కోర్టు ఆదేశం వంటి కొన్ని మినహాయింపులు తప్ప, ఒప్పుకోలు లేకుండా బయటపెట్టకూడదు. ఉద్యోగం నించి తియ్యకూడదు. వివరాలు దాచే సంస్థ వాటిని భద్రంగా ఉంచాలి. వందమందికి పైగా ఉన్న సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఆ ఉత్తరం రాయించిన ఊళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

కానీ చట్టం కోర్టులో పనికొస్తుంది, వాట్సాప్ గ్రూపులో కాదు. మంచి మనసుతోనే ఎవరో ఒక గ్రూపు పెడతారు. అందులో చేరగానే నంబరు అందరికీ కనబడుతుంది, ట్రూకాలర్‌లో పేరొస్తుంది, ప్రొఫైల్‌లో పిల్లల ఫోటో ఉంటుంది. మందమర్రిలో ఆ ఫోటో చూసి క్వార్టరు నంబరు చెప్పేవాళ్ళుంటారు.

అందుకే ఇలాంటివి కట్టే తెలుగు ప్రోగ్రామర్లకి నాదొక మనవి. పేరు అడక్కండి. నంబరు చూపించకండి. అక్కర్లేని డేటా అసలు దాచకండి, దాచనిది లీకవదు. ఈమెయిల్, ఓటీపీ అని పది మెట్లు కట్టకండి. అవతల మాట్లాడేవాళ్ళు పుస్తకాల తెలుగు కాకుండా మా బాయిల దగ్గరి భాష మాట్లాడితే ఇంకా మంచిది. పులిరాజా పేరు చెప్పకుండా మాట్లాడగలిగితే చాలు, మిగతాది ఆయనే చెప్పుకుంటాడు.