మంద్రనాదము – గృహసాధన: బాస్ ధ్వనివర్ధకపు చరిత్ర

సంగీతశాస్త్రమున మంద్రము, మధ్యము, తారము అని మూడు స్థాయులు చెప్పబడినవి. వీనిలో శ్రోతల మెప్పును త్వరగా పొందునది తారము. గానమునకు పునాదియై నిలుచునది మంద్రము. పునాది కంటికి కనబడనట్లే మంద్రస్వరము గూడ చెవికి ప్రత్యేకముగా తోచదు. అది లోపించినప్పుడు మాత్రము పాట డొల్లయైనట్లు ఎల్లరకు తెలియును. పాశ్చాత్య వాద్యబృందములలో నేడు ఈ భారమును ప్రధానముగా వహించుచున్నది బాస్ గిటారు. సామాన్యముగా నాలుగు లావైన తంత్రులుగల ఈ వాద్యమునకు వీణకున్నట్లు కుండ లేదు. దాని దేహము గట్టి కొయ్య. విద్యుత్తు సాయము లేనిదే అది నలుగురికి వినబడునట్లు పలుకజాలదు. కావున ధ్వనివర్ధకము, అనగా వాడుకలో ఆంప్లిఫయరు, ఆ వాద్యమునకు అలంకారము కాదు, సగము దేహము.

ఈ యంత్రము సభామందిరమునకై పుట్టినది. అట్టిది చిన్న ఇంటి గదిలోనికి ఎట్లు ప్రవేశించినది, ప్రవేశించినదానిని ఎట్లెన్నుకొనవలెను అను విషయములు విచారింపదగినవి. ఈ విచారణకు జంషెడ్‌పూరు నగరములోని కద్మా ప్రాంతము చక్కని నెలవు.

జంషెడ్‌పూరు ఒక కర్మాగారము చుట్టును అల్లుకొన్న ఊరు. 1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ స్థాపితమయ్యెను. 1912లో సాక్చీయందు తొలి ఉక్కు తయారయ్యెను. ఆ సంవత్సరముననే అచట ఎనిమిది గంటల పనిదినము అమలులోనికి వచ్చెను. 1919లో జంషెడ్జీ టాటా పేరిట ఆ ఊరికి నేటి నామము కలిగెను. రైలుమార్గము వెంట ఉత్తరాంధ్రమునుండి, ముఖ్యముగా శ్రీకాకుళ ప్రాంతమునుండి, తెలుగు కుటుంబములు అచటికి వలసపోయి స్థిరపడినవి. బిష్టుపూరులోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరము, కద్మాలోని ఆంధ్ర అసోసియేషను, ఏ.డి.ఎల్. సొసైటీ వారి సామూహిక జీవనమునకు గుర్తులై నిలిచియున్నవి.

కద్మా ఆ నగరమునకు పశ్చిమదిశను, ఖర్కాయి నదికి చేరువనున్న నివాసప్రాంతము. కార్మికుల క్వార్టర్లలో గోడకు గోడ కలిసినవి అనేకము. కర్మాగారపు కొలిమి ఆరదు గనుక పనియు ఆగదు. ఉదయము 6 గంటలనుండి మధ్యాహ్నము 2 గంటలవరకు ఒక షిఫ్టు, అటనుండి రాత్రి 10 గంటలవరకు మరియొకటి, తెల్లవారి 6 గంటలవరకు మూడవది. రాత్రి డ్యూటీ ముగించి వచ్చినవానికి పగలు పది గంటలే అర్ధరాత్రి. ఇట్టి చోట ఏ వేళ చూచినను ఏదో ఒక ఇంట ఒకరు నిద్రించుచునే యుందురు. అట్టి గోడ ప్రక్కన మంద్రవాద్యమును సాధన చేయుట ఎట్లు? బాస్ ధ్వనివర్ధకపు చరిత్ర యంతయు ఈ ప్రశ్నవైపు క్రమముగా నడచివచ్చినదని చెప్పవచ్చును.

ఆ చరిత్రకు ఆరంభము ఒక లోటు. పాశ్చాత్య వాద్యబృందములలో పూర్వము మంద్రస్వరమునకు నిలువెత్తు డబుల్ బాస్ ఉండెడిది. ఆకారమున అంత పెద్దదయ్యు డోళ్లు, బాకాలు మ్రోగుచుండగా దాని గొంతు వినబడెడిది కాదు. 1906లో లీ డీ ఫారెస్టు త్రిధ్రువ వాల్వును నిర్మించెను. 1925లో రైస్, కెలాగ్ అను ఇరువురు ఇంజనీర్లు నేటి లౌడుస్పీకరుకు మూలరూపమును ప్రకటించిరి. ఈ రెండును కలిసినమీదట వాద్యములకు విద్యుత్తు గొంతు నిచ్చుట సాధ్యమయ్యెను. 1936 ప్రాంతమున అమెరికాలోని సియాటిల్ నగరమందు పాల్ టట్‌మార్క్ గట్టి కొయ్యతో, మెట్లతో ఒక విద్యుత్ బాసును నిర్మించి అమ్మజూపెనుగాని అది వ్యాప్తికి రాలేదు. 1946లో ఎవరెట్ హల్ అను బాస్ వాదకుడు డబుల్ బాసును నేలపై నిలిపెడి మేకులో చిన్న మైకు నమర్చు ఉపాయమును కనిపెట్టెను. ఆంపెగ్ అను సుప్రసిద్ధ నామము ఆ మేకునుండి వచ్చినదే.

1951లో లియో ఫెండర్ తన ప్రెసిషన్ బాసును వెలువరించుటతో యుగము మారెను. ఈయన మొదట రేడియోలు బాగుచేయు దుకాణము నడపినవాడు. మరుసటి సంవత్సరముననే ఆ వాద్యమునకు తోడుగా బాస్‌మాన్ అను ఆంప్లిఫయరును తెచ్చెను. దానిలో 15 అంగుళముల స్పీకరు ఒక్కటే యుండెను. తరువాతి నమూనాలలో 10 అంగుళముల స్పీకర్లు నాలుగు చేరినవి. బాసుకై పుట్టిన ఆ నమూనాను గిటారు వాదకులు మిక్కిలిగా ప్రేమించిరి. ఇంగ్లండులో జిమ్ మార్షల్ 1962లో తన తొలి ఆంప్లిఫయరును దాని ననుసరించియే తయారుచేయించెను. 1960లో ఆంపెగ్ సంస్థ వెలువరించిన బి-15 అను పెట్టె సుమారు 25 వాట్ల శక్తి కలది. అంత స్వల్పశక్తితోనే అది చిరకాలము బాస్ వాదకుల మన్ననకు పాత్రమయ్యెను.

పిమ్మట రాక్ సంగీతము మైదానములకెక్కెను. 1969లో ఆంపెగ్ సంస్థయే 300 వాట్ల ఎస్.వి.టి. యంత్రమును, దానితో 10 అంగుళముల స్పీకర్లు ఎనిమిదిగల పెట్టెను నిర్మించెను. యంత్రభాగము మాత్రమే 30 కిలోలకు మించిన బరువు. స్పీకర్ల పెట్టె మనిషి రొమ్ముకు వచ్చు ఎత్తు. ధ్వనివర్ధకమన్న ఘోషకే అను అభిప్రాయము ఈ కాలమున బలపడెను. అయినను ఒక విషయము మరువరాదు. డెట్రాయిట్ నగరములోని మోటౌన్ స్టూడియోలో జేమ్స్ జామర్సన్ అను మహావాదకుని బాస్ నాదము పెక్కుసారులు ఏ స్పీకరునుండియు గాక, తంత్రీవాద్యమునుండి నేరుగా రికార్డింగు యంత్రమునకు పంపబడెను. లోకమంతయు మెచ్చిన ఆ నాదమునకు గదిలో గర్జన అవసరము లేకపోయెను.

తెలుగుదేశము ఈ సత్యమును మరియొక మార్గమున కనుగొన్నది. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున వీణకు కాంటాక్టు మైకు నమర్చు పద్ధతి వచ్చినప్పుడు విద్వాంసులలో భిన్నాభిప్రాయములు కలిగినవి. నాదము సహజత్వమును కోల్పోవునని కొందరు, సూక్ష్మమైన గమకము కడపటి వరుసకు చేరునని కొందరు వాదించిరి. 1969లో పాలకొల్లునందు జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ ఈ వాదమునకు తన వాదనముతోనే సమాధానము చెప్పెను. మాండొలిను నాదము పుట్టగనే ఆరిపోవునది. అట్టి వాద్యముపై కర్ణాటక గమకము నిలువదు. ఆయన జంటతంత్రులను విడిచి ఐదు ఒంటితంత్రుల విద్యుత్ మాండొలినును స్వీకరించెను. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలోను, 1981లో మద్రాసునందును ఆ బాలుడు వాయించిన కచేరీలు వినినవారికి ఆంప్లిఫయరు బిగ్గరతనమునకు గాక నాదము నిలుచుటకు, గమకము తెలియుటకు ఉపకరించునని బోధపడెను. 2014లో ఆయన స్వర్గస్థుడగువరకు ఆ విద్యుత్ తంత్రి కర్ణాటక సంగీతసభలలో గౌరవస్థానము నలంకరించెను.

బాస్ గిటారు మాత్రము తెలుగువారికి సినిమా పాటద్వారా చేరువయ్యెను. ఇళయరాజా సంగీతము కూర్చిన ‘సాగరసంగమము’ (1983), ‘గీతాంజలి’ (1989) వంటి చిత్రముల పాటలలో బాస్ తంత్రి కేవలము తాళమునకు తోడుగా నుండక, పాట క్రింద మరియొక పాటవలె నడచును. దానిని విని నేర్వగోరిన యువకులకు ఆ కాలమున సాధనములు దుర్లభములు. 1991 ఆర్థిక సంస్కరణలకు పూర్వము దిగుమతి నిబంధనలు కఠినముగా నుండుటచే విదేశీ ఆంప్లిఫయర్లు సామాన్యులకు అందెడివి కావు. 1940లో ఢిల్లీయందు వెలసిన ఆహూజా వంటి స్వదేశీ సంస్థల సభామైకు యంత్రములే పందిళ్లలో దిక్కు. అవి మాటకు ఉద్దేశింపబడినవి. మంద్రతంత్రి వానిలో మూలిగెడిది. జంషెడ్‌పూరువారికి చేరువనున్న పెద్ద వాద్యవిపణి కలకత్తాలోని లాల్‌బజారు, చిత్‌పూరు వీథులు. నేడు వివిధ సంస్థల చిన్న బాస్ ఆంప్లిఫయర్లు దేశమంతట లభించుచున్నవి. కావున నేటి సమస్య కొరత కాదు, వివేకము.

ఆ వివేకమునకు కొంత ధ్వనిశాస్త్రము అవసరము. బాస్ గిటారు నాలుగవ తంత్రి సెకనుకు సుమారు 41 కంపనములు చేయును. దాని తరంగము నిడివి ఎనిమిది మీటర్లకు మించును; అనగా క్వార్టరు గదికంటె తరంగమే పెద్దది. హెచ్చు స్వరములను గోడ ఆపును. మంద్రతరంగము గోడనే కదలించి అవతలికి పోవును. ఇక రెండవ చిక్కు మానవుని చెవిది. 1933లో ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు నిరూపించినట్లు, ధ్వని తక్కువగా నున్నప్పుడు చెవి మంద్రస్వరములను మధ్యమస్వరములకంటె చాల తక్కువగా గ్రహించును. అందుచే సాధకుడు బాస్ చాలలేదని తలచి మర త్రిప్పును. అవతలి ఇంట మంచము అదురును.

2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు నివాసప్రాంతములకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్ల మితిని విధించినవి. రాత్రి యనగా 10 గంటలనుండి 6 గంటలవరకు. సరిగా మూడవ షిఫ్టు వేళయే. అయితే ఆ కొలత చెవి స్వభావము ననుసరించి మంద్రధ్వనిని తగ్గించి లెక్కించునట్టిది. మీటరు నిర్దోషియని పలికినను పొరుగువాని నిద్ర చెడవచ్చును. పగటినిద్ర పోవు కార్మికునకైతే రాత్రి మితి వర్తించనే వర్తించదు. చట్టము చేరలేని ఈ చోట మర్యాదయే చట్టము.

ఇట్టి స్థితిలో గృహసాధనకు యంత్రము నెన్నుకొనువారు వాట్ల సంఖ్యకు మోసపోరాదు. శక్తి పదింతలైనగాని ధ్వని చెవికి రెండింతలుగా తోచదు. 15 మొదలు 40 వాట్లవరకు గల యంత్రము గదికి సమృద్ధి. స్పీకరు 8 లేక 10 అంగుళములది చాలును. అంత చిన్న స్పీకరు 41 కంపనముల స్వరమును పూర్ణముగా పలుకలేదనుట నిజమేగాని, ఆ స్వరముతో పుట్టు ఉపస్వరములను విని మనస్సే మూలస్వరమును పూరించుకొనును. ఫెండర్ రంబుల్ 25 అను నమూనాలో 8 అంగుళముల స్పీకరు, రంబుల్ 40లో 10 అంగుళముల స్పీకరు ఉన్నవి. ఈ తరగతి యంత్రములు ఇతర సంస్థలవియు గలవు. సామాన్య గిటారు ఆంప్లిఫయరును బాసుకు వాడి మర హెచ్చించినచో స్పీకరు కాగితము చిరుగు ప్రమాదమున్నది గనుక ఆ పొదుపు పొదుపు కాదు.

దుకాణమున పరీక్షించువారు తమ వాద్యమునే తీసికొనిపోయి, మరను మిక్కిలి తగ్గించి, నాలుగవ తంత్రిని మెల్లగా మీటి వినవలెను. బిగ్గరగా నున్నప్పుడు ప్రతి యంత్రమును బాగుగనే తోచును. తక్కువ ధ్వనిలో స్వరము స్వరముగా విడివడి వినబడునదియే ఇంటికి తగినది. పెట్టె అదురుచప్పుడు చేయకుండవలెను. హెడ్‌ఫోను తగిలించు రంధ్రము, ఫోనులోని పాటను కలుపుకొను రంధ్రము తప్పక యుండవలెను. ఇంటికి తెచ్చినపిమ్మట గది మూలన, పొరుగుగోడకు ఆనించి పెట్టరాదు. మూల మంద్రమును ఇబ్బడిముబ్బడిగా పెంచును. నేలపై గాక మందమైన పరుపుముక్కమీద, లేదా బల్లపై నుంచినచో అదురు తగ్గును, నాదము చెవికి తిన్నగా వచ్చును. మూడు పిన్నుల ప్లగ్గునకు సరియైన ఎర్తు ఉన్నదో లేదో చూచుకొనుట ప్రాణరక్షణ.

యంత్రము కుదిరినపిమ్మట లభించు ఆనందము తక్కువది కాదు. హెడ్‌ఫోను ధరించి, ఫోనులో పాత పాటను మితమైన ధ్వనితో పెట్టుకొని, దాని బాస్ నడకను వ్రేళ్లతో వెదకుకొనుచు పోయినచో, బాల్యమునుండి వినుచున్న పాటయే క్రొత్తగా తోచును. తంబురా శ్రుతిని పెట్టుకొని షడ్జపంచమములను మంద్రమున నిలిపి వాయించినచో శ్రుతిజ్ఞానము స్థిరపడును. బిగ్గరతనము తప్పులను కప్పును. మెల్లని నాదము వానిని బయటపెట్టును. ఒక స్వరమును ఎప్పుడు మొదలిడవలెనో గాక, ఎప్పుడు ఆపవలెనో నేర్పునది గూడ ఈ మెల్లని సాధనయే. బాస్ వాదకునికి అంతకుమించిన విద్య లేదు.

తంబురా మనదేశమున తరతరములుగా ఇంటిలోపలి శ్రుతి. గాయకుడు దానిని వేకువజామున ఒడిలో నిలుపుకొని మీటినను ప్రక్కగదిలోని పసివాడు ఉలికిపడడు. అర్ధశతాబ్దికి పైగా మైదానములలో గర్జించిన బాస్ ధ్వనివర్ధకము నేడు ఆ వినయమును నేర్చి, మోకాలెత్తు పెట్టెయై ఇల్లు చేరినది. గోడకు అటు రాత్రి డ్యూటీనుండి వచ్చినవాడు నిద్రించుచుండగా, ఇటు ఒక యువకుడు మంద్రస్థాయిలో తన పాఠమును పూర్తిచేసికొనగలిగినచో ఆ యంత్రము కద్మాకు తగినది.