అడవిలో పాటిగడ్డలు

జనం విడిచిపోయిన ఊరు కాలక్రమాన మట్టిదిబ్బగా మారితే, దానిని తెలుగువారు పాటిగడ్డ లేదా పాటిదిబ్బ అంటారు. అడవి కమ్ముకున్న చోట కూడా చుట్టుపక్కల నేలకు భిన్నంగా ఉండే బూడిదరంగు మట్టి, పెంకులు, పూడిన బావి పూర్వనివాసాన్ని పట్టిస్తాయి. పాత సమాధులూ అలాంటి ఆనవాళ్ళే: గోదావరి లోయలో జానంపేట పరిసరాల అడవిలో పెద్ద రాతిపలకలతో కట్టిన ఇనుపయుగపు సమాధులు నిలిచి ఉండగా, స్థానికులు వాటిని మనుషుల కట్టడాలుగా నమ్మలేక రాకాసి గుళ్ళు అన్నారు. ఆ పేరులోని విస్మయం న్యాయమైనదే.

పాటిమన్ను, అంటే తరతరాల బూడిద, పేడ, చెత్త కలిసిన సారవంతమైన మట్టి, ఎరువుగా పొలాలకు తరలిపోవడం వల్ల ఎన్నో దిబ్బలు కరిగిపోయాయి. ఇంతకంటె ఘోరమైనది గుప్తనిధుల వేట: పెద్దబంకూరు అనే ఊరిలో జరిగిన పురావస్తు తవ్వకాలలో ఒకే కుండలో 22,000కు పైగా శాతవాహన నాణేలు దొరికినప్పుడు, వాటి విలువ లోహంలో కాక, అవి ఏ పొరలో, ఏ ఇంటి పక్కన ఉన్నాయన్న దానిలో ఉన్నది. రాత్రివేళ గునపంతో తవ్వినవాడు ఆ పొరనే చెరిపివేస్తాడు. నేలలో దాగి, పది రూపాయల విలువ మించినదేది దొరికినా కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం విధించింది. కాని చెదిరిన పొరను ఏ చట్టమూ తిరిగి పేర్చలేదు.