చెలమనీటి చరిత్ర

నెల్లూరు తీరమున బోగోలుకు చేరువనున్న జువ్వలదిన్నె పేరులోని 'దిన్నె' యనగా మిట్ట. ఈ తీరపు పల్లెలకు ఇసుకమిట్టయే మంచినీటి ఖజానా. ఇసుకలో నింకిన వాననీరు ఉప్పునీటికన్న తేలిక. కావున దానిపై తేలి నిలుచును. సముద్రమట్టమునకు ఒక అడుగు ఎత్తున తియ్యనీరున్నచో, దిగువను సుమారు 40 అడుగుల లోతువరకు తియ్యనీరే యుండునని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. పైమట్టము అడుగు తగ్గెనా, క్రిందనుండి ఉప్పు నలుబది అడుగులు ఎగబ్రాకును. చెలమ త్రవ్వి, ఊరిన నీటిని ముంతతో తోడుకొను పట్టపుపాలెముల స్త్రీలకు ఈ గణితముతో పనిలేదు. ముంతయే మితము.

1990 తరువాత టైగరు రొయ్యల సాగు ఈ తీరమును ముంచెత్తెను. రొయ్యకు సముద్రపు ఉప్పులో సగము చాలును. అందుచే ఉప్పునీటిని ఒకవైపు, బోరుబావులనుండి మంచినీటిని మరియొకవైపు తోడి గుంటలలో కలిపిరి. తియ్యనీరు తరుగుటయు, గుంటలనుండి ఉప్పు ఇంకుటయు ఒక్కమారే జరిగెను. నెల్లూరు జిల్లా కుర్రు గ్రామమున 600 మంది మత్స్యకారులకు త్రాగునీరు కరవైన సంగతి సర్వోన్నత న్యాయస్థానపు తీర్పులోనే కెక్కినది.

ఆ వ్యాజ్యమును 1994లో తెచ్చినవాడు తమిళనాటి సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్, భూదానోద్యమమున పండినవాడు. 1996 డిసెంబరు 11న న్యాయమూర్తులు కుల్దీప్ సింగ్, సగీర్ అహ్మద్ తీర్పు చెప్పిరి. తీరనియంత్రణ మండలములోని రొయ్యల చెరువులను, సంప్రదాయ పద్ధతివి తప్ప, 1997 మార్చి 31 లోగా తొలగింపవలెనని ఆజ్ఞాపించిరి. పోటుగీతనుండి 500 మీటర్ల నేల ఆ మండలము క్రిందికి వచ్చును.

పల్లెవాసులు గెలిచిరనుకొందురేమో! తీర్పు అమలు నిలిచిపోయెను. 2005లో పార్లమెంటు తీరప్రాంత జలకృషి చట్టము చేసి, నిషేధమును పోటుగీతకు 200 మీటర్లకు, ఏళ్లకు, కయ్యలకు పరిమితము గావించెను. రొయ్యల రైతును దోషిగా నిలుపుట నా యభిప్రాయము గాదు. 1994-95లో తెల్లమచ్చ తెగులు తాకినపుడు అప్పుచేసిన చిన్నరైతు కూడ మునిగెను. కాని అతడు మరల పంట వేసికొనవచ్చును. ఒకసారి ఉప్పెక్కిన చెలమ తియ్యబడుటకు ఎన్నో వానకాలములు కావలెను.

ఇపుడు జువ్వలదిన్నెకు చేపలరేవు వచ్చినది. రేవునకు మంచుగడ్డ కావలెను, చేప కడుగ నీరు కావలెను. అది ఎక్కడినుండి తోడుదురని పాలెపు ముసలివారు అడుగుట సహజమే.