జ్ఞాపకం ఉంచుకొనే స్ఫటికం: దాని కర్త ఎవరు?

భద్రాచలం నుండి గోదావరి ఎడమగట్టున దుమ్ముగూడెం మీదుగా ఎగువకు పోతే చర్ల వస్తుంది. ఆపైన అడవి, అడవికి ఆవల ఛత్తీస్‌గఢ్. ఇటువంటి అరణ్యాలలో ఏయే జంతువులు తిరుగుతున్నవో తెలుసుకొనటానికి ఈ కాలంలో చెట్టు మొదలుకు ఒక చిన్న కెమెరా పెట్టెను కట్టి వదలివేసే పద్ధతి ఉన్నది. రాత్రివేళ ఎలుగుబంటి ఆ దారిన పోతే కెమెరా తనంతట తానే ఫొటో తీస్తుంది. చీకటిలో ఎలుగు వచ్చినదని దానికి ఎట్లా తెలిసినది?

జంతువు ఒంటివేడి కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా వెలువడుతుంది. ఆ కిరణాలు పెట్టెలోని ఒక సన్నని పలక మీద పడగానే దాని ఉష్ణోగ్రత రవ్వంత మారి, పలక ముఖాలపై విద్యుదావేశం పుడుతుంది. ఇటువంటి పలకలు రెండింటిని ఒకదానికొకటి వ్యతిరేకంగా కలుపుతారు. ఎండకు అడవి అంతా ఒక్కసారిగా వేడెక్కితే రెండింటి ఆవేశాలు పరస్పరం రద్దవుతాయి. కదిలే జంతువు వేడి ముందు ఒక పలకను, తరువాత రెండవదానిని తాకుతుంది కనుక పట్టుబడుతుంది. పుట్టిన ఆవేశం అత్యల్పం. పక్కనే ఉన్న ట్రాన్సిస్టరు దానిని అందుకొని తీగ వెంట పంపదగిన సంకేతంగా మారుస్తుంది.

ఈ పలకలకు సాధారణంగా లిథియం టాంటలేటునో, సీసం, జిర్కోనియం, టైటానియం కలిసిన పింగాణినో వాడుతారు. ఇవి ఫెర్రోఎలక్ట్రిక్ పదార్థాలు. ఇక్కడ స్ఫటికం, ట్రాన్సిస్టరు ఇరుగుపొరుగులు మాత్రమే. స్ఫటికాన్ని ట్రాన్సిస్టరు లోపలికే చేర్చితే? అప్పుడు ఆ ఒక్క పరికరమే గ్రహించగలదు, గ్రహించినదానిని జ్ఞాపకమూ ఉంచుకోగలదు. ఈ ఆలోచన 1955 నాటికే ఉన్నది. కాని ఇది ఎవరి సృష్టి అని విద్యార్థి అడిగితే ఉపాధ్యాయునికి ఒక్క పేరు చెప్పటం కష్టం.

మొదట స్ఫటికం సంగతి. ప్రకృతిలోని స్ఫటికాలన్నింటిని వాటి సౌష్ఠవాన్ని బట్టి 32 తరగతులుగా విభజించారు. వీటిలో 20 తరగతులవాటిని నొక్కితే విద్యుత్తు పుడుతుంది. 1880లో ఫ్రాన్సులో జాక్ క్యూరీ, పియర్ క్యూరీ సోదరులు కనుగొన్న గుణం ఇదే. ఆ 20లో 10 తరగతులకు మాత్రం సహజంగానే ఒక కొస ధనం, ఒక కొస ఋణం ఉంటాయి. వేడి మారితే వాటిపై ఆవేశం తేలుతుంది. ఈ పదింటిలోనూ కొన్ని పదార్థాలకే మరొక విశేషం ఉన్నది. బయటనుండి విద్యుత్ క్షేత్రాన్ని ప్రయోగిస్తే ధన ఋణ దిక్కులు తారుమారవుతాయి. క్షేత్రాన్ని తీసివేసినా మారిన దిక్కు మారినట్లే నిలుస్తుంది. అదే ఫెర్రోఎలక్ట్రిక్ గుణం. పేరులో ఇనుము ఉన్నది గాని పదార్థంలో ఇనుము ఉండనక్కరలేదు. అయస్కాంతంగా మారిన ఇనుముతో పోలికను బట్టి వచ్చిన పేరు అది.

ఈ లెక్కలలో తెలుగువారి పాలు ఉన్నది. 1909లో జన్మించిన సూరి భగవంతం గారు కలకత్తాలో రామన్ వద్ద పనిచేసి, 1932లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. ఒక స్ఫటికం ఏ భౌతిక ధర్మాన్ని చూపగలదు, దానిని వర్ణించటానికి ఎన్ని స్వతంత్ర స్థిరాంకాలు కావాలి అనే ప్రశ్నకు గణితంలోని సమూహ సిద్ధాంతాన్ని ఆయన అన్వయించారు. టి. వెంకటరాయుడు గారితో కలిసి వ్రాసిన గ్రంథాన్ని 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే ప్రచురించినది. మరుసటి సంవత్సరం డి. సూర్యనారాయణ గారితో కలిసి స్ఫటిక సౌష్ఠవంపై వ్రాసిన పత్రం అంతర్జాతీయ పత్రికలో వచ్చినది. స్థిరాంకాల లెక్క కొత్తది కాదు. జర్మనీలో ఫోక్ట్ 1910 నాటి తన గ్రంథంలో చాలావరకు తేల్చి ఉంచాడు. భగవంతం గారు ఇచ్చినది దారి: ఒక్కొక్క తరగతిని విడిగా తడుముకొనకుండా, ఒకే సూత్రంతో అన్నింటినీ తేల్చే దారి. ఫలితం ఒకరిది, పద్ధతి ఇంకొకరిది అయినప్పుడు కర్తృత్వాన్ని ఎట్లా పంచాలి?

ఫెర్రోఎలక్ట్రిక్ అనే మాటతోనే చిక్కు మొదలవుతుంది. ఆ మాటను 1912లో వాడినవాడు ష్రోడింగర్. అప్పటికి అటువంటి పదార్థం ఎవరికీ చిక్కలేదు. పదార్థాన్ని పట్టినవాడు జోసెఫ్ వాలసెక్, అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయ విద్యార్థి. 1920 ఏప్రిల్‌లో ఆయన రోషెల్ లవణంలో ధ్రువణం క్షేత్రంతో తిరగబడటాన్ని ప్రకటించాడు. ఆ లవణాన్ని 17వ శతాబ్దంలో లా రోషెల్ పట్టణపు మందుల వ్యాపారి సెన్యెట్ తయారుచేసి విరేచనాల మందుగా అమ్మాడు. రష్యనులు ఈ పదార్థాలను నేటికీ సెన్యెట్ పేరుతోనే పిలుస్తారు. స్ఫటిక విద్యుత్తు గురించి ఏమీ ఎరుగని ఆ వర్తకుని పేరు నిలిచినది. కనుగొన్న వాలసెక్ పేరు ఏ భాషలోనూ ఆ పదార్థాలకు పెట్టలేదు.

రోషెల్ లవణం చూపే ఈ గుణం మైనస్ 18 నుండి 24 డిగ్రీల సెంటీగ్రేడు వరకే. భద్రాచలం వేసవిలో అది తన గుణం మరచిపోతుంది. గట్టి పదార్థం రెండవ ప్రపంచయుద్ధకాలంలో దొరికినది. రేడియో కండెన్సర్లకు అప్పుడు అభ్రకం కావాలి. దానిని ప్రపంచానికి ప్రధానంగా అందించినది భారతదేశం. బీహారు గనులతోపాటు నెల్లూరు జిల్లా గూడూరు గనులకూ అందులో పేరున్నది. సముద్రం మీద యుద్ధం సాగుతుంటే ఓడలను నమ్ముకోవటం ప్రమాదం కనుక అభ్రకానికి బదులు వెదకసాగారు. ఆ వెదకులాటలో బేరియం టైటనేటు బయటపడినది. అమెరికాలో వెయినర్, సాలమన్, జపానులో ఒగావా, సోవియట్ దేశంలో వుల్, గోల్డ్‌మన్: ముగ్గురిది మూడు దేశాలు, మధ్య యుద్ధరహస్యం. ఎవరూ ఎవరినీ చూచి వ్రాయలేదు. దీని గుణం 120 డిగ్రీల వరకు చెడదు. దీనికి కావలసిన బేరియం ముగ్గురాయి నుండి వస్తుంది. ఖమ్మం ప్రాంతంలో ముగ్గురాయి నిక్షేపాలు ఉన్నవి. కడప సీమలోని మంగంపేట నిక్షేపం ప్రపంచంలోనే పేరుపొందినది.

సాహిత్యంలో కర్త ఎవరో తెలియనప్పుడు పండితులు శైలిని పరీక్షిస్తారు. క్రీడాభిరామం వినుకొండ వల్లభరాయనిదా, శ్రీనాథునిదా అని తెలుగులో ఎంత చర్చ జరిగినదో ఉపాధ్యాయులకు తెలిసినదే. 1963లో అమెరికా గణాంక శాస్త్రజ్ఞులు మోస్టెల్లర్, వాలేస్ ఈ పనిని అంకెలతో చేశారు. 1787, 1788లలో మారుపేరుతో వెలువడిన ఫెడరలిస్టు వ్యాసాలలో 12 హామిల్టన్‌వా, మాడిసన్‌వా అన్నది తగవు. విషయాన్ని బట్టి మారని చిన్న చిన్న మాటలు ఎవరు ఎన్నిసార్లు వాడుతారో లెక్కించి, అవి మాడిసన్‌వేనని తేల్చారు. అయితే బేరియం టైటనేటుకు శైలి ఎక్కడిది? మాస్కోలో కాల్చినా, టోకియోలో కాల్చినా అది ఒకటే. శాస్త్రంలో కర్తృత్వానికి సాక్ష్యం తేదీ వేసిన కాగితం ఒక్కటే; యుద్ధంలో ఆ కాగితాలు సొరుగులలో ఉండిపోయాయి.

యుద్ధానంతరం గణనయంత్రాలు వచ్చాయి. ధ్రువణం పైకి ఉంటే 1, క్రిందికి ఉంటే 0 అనుకొంటే స్ఫటికమే పలక బలపం అవుతుంది. 1952లో ఎం.ఐ.టి. విద్యార్థి డడ్లీ బక్ దీనిపై సిద్ధాంత వ్యాసం వ్రాశాడు. కాని చదివేటప్పుడు స్ఫటికాన్ని తిరగవేసి చూడాలి. చదవటంతోనే వ్రాసినది చెరిగిపోతుంది, మళ్ళీ వ్రాయాలి. పైగా ఒక గడిలో వ్రాస్తుంటే పక్క గడులు కూడా కొద్దికొద్దిగా చెదిరేవి. ఆ తరం యంత్రాలలో అయస్కాంతపు పూసలే గెలిచాయి.

ట్రాన్సిస్టరు ప్రవేశించినది ఇక్కడే. తాలిపేరు కాలువల క్రింద సేద్యం చేసేవారికి తూము పని చెప్పనక్కరలేదు. ట్రాన్సిస్టరులో కాలువ వంటి అర్ధవాహకపు దారి, దానిపై తూము తలుపు వంటి గేటు ఉంటాయి. మామూలు గేటును వోల్టేజితో పట్టుకొని ఉండాలి. వదలితే దాని పని ఆగుతుంది. గేటు క్రింద ఫెర్రోఎలక్ట్రిక్ పొర ఉంటే వోల్టేజి పోయినా ధ్రువణం ఉన్న చోటనే ఉండి, దారిని తెరిచో మూసో ఉంచుతుంది. కాలువలో ప్రవాహం ఉన్నదా లేదా అని చూస్తే చాలు, తలుపును కదపకుండానే జ్ఞాపకాన్ని చదవవచ్చు. బెల్ ప్రయోగశాలకు చెందిన ఇయన్ రాస్ 1955లో ఇటువంటి పరికరానికి దరఖాస్తు పెట్టగా 1957లో పేటెంటు వచ్చినది. నిజంగా చేసి చూపి ప్రకటించినది మాత్రం 1963లో, ఫెడరలిస్టు లెక్కలు వెలువడిన సంవత్సరమే. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మోల్, జపానునుండి వచ్చిన యాసువో తారుయి కలిసి ట్రైగ్లైసీన్ సల్ఫేటు స్ఫటికంపై కాడ్మియం సల్ఫైడు పొరను పరచారు. ఆ స్ఫటికం నీటిలో కరుగుతుంది, 49 డిగ్రీలకే గుణం కోల్పోతుంది. అయినా అంగీకరించవలసిన మొదటి రుజువు అదే.

సిలికాన్‌పై ఈ పనిని 1974లో ఎస్. వై. వూ బిస్మత్ టైటనేటుతో చేశాడు. సిలికాన్ నుండి ఆవేశాలు పొరలోనికి చొరబడి స్ఫటికపు ప్రభావాన్ని కప్పివేశాయి. రెంటికీ నడుమ రక్షణపొర వేస్తే, ఆ పొరవల్ల పుట్టే ఎదురు క్షేత్రం ధ్రువణాన్ని క్రమంగా చెరిపివేసేది. రోజులలోనే మరచిపోయే జ్ఞాపకం ఎవరికి కావాలి? గ్రహించే పనిలో ఇటువంటి బాధ అంతగా లేదు. 1969లో జపానులో కవాయ్ ఒక ప్లాస్టిక్ పొరకు నొక్కితే విద్యుత్తు పుట్టే శక్తి ఉన్నదని చూపాడు. 1979లో స్వార్ట్జ్, ప్లమ్మర్ దానిని సిలికాన్ ట్రాన్సిస్టరు గేటుపై అమర్చి ధ్వనితరంగాలను పట్టారు.

జ్ఞాపకం పనికి పరిష్కారం ఎవరూ చూడని వైపునుండి వచ్చినది. హాఫ్నియం ఆక్సైడును చిప్పుల పరిశ్రమ మామూలు విద్యుద్బంధకంగా 2007 నాటికే వాడుతున్నది. దానికి కొద్దిగా సిలికాన్ కలిపి, పది నానోమీటర్ల పొరగా పరచి, పైకప్పు వేసి కాల్చితే ఫెర్రోఎలక్ట్రిక్ అవుతుందని జర్మనీలోని డ్రెస్డెన్‌లో, మెమరీ చిప్పులు తయారుచేసే కిమోండా సంస్థలో బోష్కే గమనించాడు. 2009లో ఆ సంస్థ దివాలా తీసినది. పత్రం 2011లో గాని వెలువడలేదు. దానిపై బోష్కే, ముల్లర్, బ్రాయ్‌హౌస్, ష్రోడర్, బోట్‌గర్ అని అయిదు పేర్లున్నవి. వాలసెక్ నాటి లవణం వలె ఇది నీటికి కరగదు, ఎండకు చెడదు, సిలికాన్ చిప్పులు తయారయ్యే కర్మాగారంలోనే ఇముడుతుంది. ఇంకా మిగిలిన చిక్కులలో ఒకటి: సిలికాన్‌కు, హాఫ్నియం ఆక్సైడుకు నడుమ తనంతట ఏర్పడే పలుచని పొరలో ఆవేశాలు ఇరుక్కొని, వ్రాసి చెరిపిన కొద్దీ ట్రాన్సిస్టరు అలసిపోతున్నది.