కోట కిటికీలోంచి

ఇటలీ వెళ్ళొచ్చిన వాళ్ళందరూ రోము గురించీ, వెనిస్ పడవల గురించీ, పీసాలో ఒరిగిన గోపురం గురించీ చెబుతారు. నన్నడిగితే ఆ దేశం అందమంతా చిన్న ఊళ్ళలోనే ఉందంటాను. గుట్టమీద ఓ కోట, దాన్ని ఆనుకుని పెంకుటిళ్ళు, కింద ద్రాక్షతోటలూ, ఆలివు చెట్లూ! అచ్చం కేలండరు బొమ్మే. "ఇలాంటి కోటలో రాణిగా పుట్టివుంటే ఎంత బాగుండేదో!" అని మనలో అనుకోని వాళ్ళుండరు. కానీ ఆ కోటల్లో కాపురం చేసిన ఆడవాళ్ళ సంగతులు తెలిశాక ఆ మాట అనటానికి నోరు రాదు.

ఎడ్రియాటిక్ సముద్రానికి దగ్గరలో గ్రదారా అనే ఊరుంది. ఊరి చుట్టూ ప్రహరీ, దానిమీద నడిచేందుకు దారీ ఉన్నాయి. నడుస్తూంటే ఒకవైపు పచ్చటి కొండలు, ఇంకోవైపు దూరంగా నీలంగా సముద్రం. కోటలోపల 'ఫ్రాంచెస్కా గది' అని ఒకటి చూపిస్తారు. పెళ్ళయిన ఫ్రాంచెస్కా, ఆమె మరిది పావోలో కలిసి ఓ ప్రేమకథ చదువుతూ ప్రేమలో పడ్డారనీ, భర్త ఇద్దర్నీ ఒకే కత్తికి బలి చేశాడనీ చెబుతారు. కొత్త దంపతులు ఆ గదిలో నిలబడి ముచ్చటగా ఫొటోలు తీయించుకుంటారు.

నిజానికి ఆ గదిలో అలంకరణంతా 20వ శతాబ్దానిది. 1920లో ఆ కోటని కొన్న ఇంజనీరు దాన్ని బాగుచేయించి, కథకి తగ్గట్టు సర్దించాడు. హత్య అక్కడే జరిగిందనటానికి ఆధారం లేదు. దాంతే మహాకవి తన నరకవర్ణనలో ఫ్రాంచెస్కా చేత మాట్లాడించాడు గాని, ఏ కోటో చెప్పలేదు.

ఇక చరిత్ర చెప్పేది ఇదీ. ఫ్రాంచెస్కా రవెన్నా ఏలిక కూతురు. రిమినీ ఏలికలైన మలతెస్తాలతో పొత్తు కోసం 1275 ప్రాంతంలో ఆమెను ఆ ఇంటి కొడుక్కి కట్టబెట్టారు. అతను కుంటివాడు, యుద్ధాల్లో ఆరితేరినవాడు. పావోలో అందగాడే గాని, అప్పటికే పెళ్ళయి, పిల్లలున్నవాడు. తండ్రి పావోలోనే పెళ్ళికొడుకని నమ్మించి ఆ పిల్లని మోసం చేశాడని బొకాచియో తరవాత రాశాడు. అది కల్పనే అనుకున్నా, ఆ పిల్లని "నీకిష్టమేనా?" అని ఎవరూ అడగలేదన్నది మాత్రం కల్పన కాదు. 1283, 1286 మధ్య ఎప్పుడో ఆమె హత్య జరిగింది. ఆమెకో కూతురు కూడా ఉంది. అమర ప్రేమగాథలో ఆ పసిదాని ఊసు ఎవరెత్తుతారు?

నూటనలభై ఏళ్ళు గడిచాయి. అదే మలతెస్తా వంశపు పిల్ల పరిసీనా, 14 ఏళ్ళ వయసులో ఫెరారా ప్రభువు నికోలోకి భార్య అయింది. ఫెరారా కోట ఊరి నడిబొడ్డున ఉంటుంది. చుట్టూ నీళ్ళ కందకం, నాలుగు మూలలా నాలుగు ఎర్ర ఇటుక బురుజులు. 1385లో పన్నుల బాధ పడలేక జనం తిరగబడితే, శత్రువుల కోసం కాదు, సొంత ప్రజలకి భయపడి కట్టుకున్న కోట అది! నికోలో మహానుభావుడికి ఉంపుడుగత్తెలకీ, వాళ్ళ సంతానానికీ లెక్కలేదు. అలా పుట్టిన ఊగో, పరిసీనా ఇంచుమించు ఒకే ఈడువాళ్ళు. వాళ్ళిద్దరి ప్రేమా బయటపడింది. 1425 మే నెలలో ఇద్దరికీ ఆ కోటలోనే తలలు తీయించాడు నికోలో. అప్పటికి పరిసీనాకి నిండా 21 ఏళ్ళు లేవు.

ఆ కోట నేలమాళిగలో చీకటి కొట్లు చూసి, మేడమీదకి వెళితే నారింజచెట్ల కుండీలతో ఓ చిన్న తోట కనిపిస్తుంది. తరవాతి కాలపు దొరసానులు అక్కడ షికారు చేస్తూ, తాము ఎవరికీ కనపడకుండా గోడ కిటికీల్లోంచి ఊరిని చూసేవారట. ఘోషా అంటే మనదేశంలోనే అనుకుంటాం!

అలాగని అందరూ కిటికీ దగ్గరే ఆగిపోలేదు. ఆపెనైన్ కొండల్లో కనోస్సా అని తెల్లటి రాతిగుట్టమీద శిథిలమైన కోట ఒకటుంది. 11వ శతాబ్దంలో దాని యజమానురాలు మటిల్డా. తండ్రి హత్యకు గురై, తోబుట్టువులు పోయి, రాజ్యం ఆమెకు దక్కింది. 1077 జనవరిలో పోపు ఆమె కోటలో అతిథిగా ఉండగా, ఆయన వెలివేసిన హెన్రీ రాజు క్షమాపణ కోసం మంచులో మూడు రోజులు గుమ్మం ముందు పడిగాపులు పడ్డాడు. చివరకి మధ్యవర్తిత్వం చేసినవాళ్ళలో మటిల్డా ఒకరు. ఆమె కథ చదువుతూంటే మన రుద్రమదేవి గుర్తుకు రాకుండా ఉండదు. మోటుపల్లి గురించి రాస్తూ, ఆ రాజ్యాన్ని ఏలిన రాణి వివేకాన్ని నోరారా మెచ్చుకున్న మార్కోపోలో కూడా ఇటలీవాడే. ఆ రాణి రుద్రమేనంటారు చరిత్రకారులు.

ఫోర్లీ అనే ఊళ్ళో కతెరీనా స్ఫోర్జా కథ ఇంకా విచిత్రం. 1488లో కుట్రదారులు ఆమె భర్తని చంపి, ఆమెనీ పిల్లల్నీ బందీలు చేశారు. రవల్దీనో కోట మాత్రం వాళ్ళకి చిక్కలేదు. "నేను లోపలికెళ్ళి కోటని మీకు అప్పగించేలా ఒప్పిస్తాను" అందామె. పిల్లలు తమ దగ్గరే ఉన్నారు కదా అని వాళ్ళు సరేనన్నారు. లోపల అడుగుపెట్టిందో లేదో ఫిరంగులు వాళ్ళవైపే తిప్పించింది! పిల్లల్ని చంపుతామని బెదిరించినా లొంగలేదు. అప్పుడామె అన్న మాటల్ని మాకియవెల్లి వంటివాళ్ళు చిలవలు పలవలు చేసి రాసి, కన్నతల్లి కాదు, రాక్షసి అనిపించారు. కానీ చూడండి, ఆమె మిలాన్ పాలకుల ఆడపడుచు. కోట చేతిలో ఉండి, మిలాన్ సైన్యం వస్తుందన్న భయం ఉన్నంతకాలమే ఆ పిల్లల ప్రాణాలకు విలువ. తలుపు తెరిస్తే అందరూ ఒకటే. ఆ లెక్క తప్పలేదు, పిల్లలు బతికారు. ఆ నిమిషంలో ఆ తల్లి గుండె ఎలా కొట్టుకుందో ఏ చరిత్రకారుడూ రాయలేదు.

1500లో చేసరే బోర్జియా ఆ కోట పట్టుకుని ఆమెను రోములో చెరసాలపాలు చేశాడు. మరుసటి ఏడు విడుదలైంది. ఇంత యుద్ధం చేసిన మనిషి ఇంకేం రాసిందో తెలుసా? మందులూ, ముఖానికి పూతలూ, జుట్టుకు బంగారు రంగు తెచ్చే చిట్కాలూ, అన్నీ కలిపి నాలుగువందలకు పైగా! ఫిరంగి పేల్చిన చేత్తోనే సున్నిపిండి నూరిందన్నమాట.

కనోస్సా గుట్టమీంచి చూసినా, గ్రదారా గోడమీంచి చూసినా ఆ కొండలు ఒకలాగే కళ్ళకి చలవగా ఉంటాయి. తేడా ఎక్కడంటే, మటిల్డా, కతెరీనాల బొడ్లో తాళాలగుత్తి ఉంది, ఫ్రాంచెస్కా, పరిసీనాల చేతికి అది రాలేదు. ఈసారి మీరు ఏ కోటకి వెళ్ళినా, అది ఇటలీలోదే కానక్కరలేదు, మన గోల్కొండే కానివ్వండి, ఫిరంగులు చూపించే గైడుని ఓ మాట అడిగి చూడండి: ఇక్కడ ఆడవాళ్ళుండే గది ఏది? దాని గడియ లోపలివైపుందా, బయటివైపుందా?